అభిరుచి నుంచి ఆధారం దాకా: జాక్ ఆన్రీ లార్తిగ్ ఛాయాచిత్రాల్లో బొమ్మకారు, పందెపుకారు, విమానం

వ్యాససంగ్రహం:

వృత్తి ఛాయాచిత్రకారులు తీసిన చిత్రాలను చరిత్రకు ఆధారాలుగా స్వీకరించినంత సులువుగా, సరదాకోసం తీసుకున్న చిత్రాలను స్వీకరించడం లేదు. విమానాలు, వాహనాలు, ఇంట్లోని సొంత వస్తువులను బాల్యం నుంచి ఛాయాచిత్రాలుగా తీసిన ఫ్రెంచివాడు జాక్ ఆన్రీ లార్తిగ్ (1894-1986) ఉదాహరణగా, అభిరుచి ఛాయాచిత్రానికి చరిత్రలో ఉన్న ఆధార విలువను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆయన పేరుపొందిన పందెపుకారు చిత్రం తేదీ సవరణకు గురైన తీరు, 'అమాయక బాలమేధావి' అన్న ముద్ర ఏర్పడిన క్రమం, ఆయన ఆల్బమ్‌లలో ఉన్నవీ లేనివీ ఇక్కడ చర్చనీయాంశాలు. చివరగా తెలుగు కుటుంబాల ఆల్బమ్‌లను చదవడానికి ఈ పరిశీలన ఏ మేరకు తోడ్పడుతుందో సూచించడం జరిగింది.

కీలకపదాలు: ఛాయాచిత్రం, అభిరుచి, లార్తిగ్, విమానయానం, మోటారు పందేలు, కుటుంబ ఆల్బమ్, చారిత్రక ఆధారం.

1. ప్రవేశిక:

ఛాయాచిత్రం పుట్టిన తొలి దశాబ్దాలలో అది శ్రమతో, ఖర్చుతో కూడిన పని. తడి రసాయనం పూసిన గాజుపలక ఆరకముందే చిత్రం తీసి, వెంటనే చీకటిగదిలో కడగవలసి వచ్చేది. 1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ ప్రతిపాదించిన జెలటిన్ పొడిపలక ఈ ఇబ్బందిని తొలగించింది. పలకలను ముందే సిద్ధం చేసి పెట్టుకోవడం, తీరిక ఉన్నప్పుడు కడగడం సాధ్యమైంది. 1888లో కొడాక్ కెమెరా, 1900లో ఒక్క డాలరు ధరకు బ్రౌనీ కెమెరా వచ్చాయి. ఛాయాగ్రహణం ఇంటి పనుల్లో ఒకటయ్యే దారి అలా ఏర్పడింది.

సరిగ్గా ఆ కాలంలోనే మోటారుకారు రోడ్డెక్కింది, విమానం నేలవిడిచింది. 1903 డిసెంబరు 17న రైట్ సోదరులు ఎగిరారు. 1906లో మొదటి గ్రాండ్ ప్రీ పందెం ఫ్రాన్స్‌లోని లె మాన్‌లో జరిగింది. వేగంగా కదిలే యంత్రమూ, వేగాన్ని నిలిపి చూపే యంత్రమూ ఒకే తరం చేతికి అందాయి. ఆ తరానికి చెందినవాడు లార్తిగ్. అతని చిత్రాలు కళాఖండాలా, కాదా అన్నది ఈ వ్యాసానికి ముఖ్యం కాదు. సరదాగా తీసిన చిత్రం ఏం చెప్పగలదు, ఏం దాచగలదు, దానిని ఎంతవరకు నమ్మవచ్చు అన్నవే ఇక్కడి ప్రశ్నలు.

2. ఇల్లు, తండ్రి, తొలి కెమెరా:

లార్తిగ్ 1894 జూన్ 13న పారిస్ సమీపంలోని కూర్బెవ్వాలో సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి ఆన్రీ స్వయంగా ఛాయాగ్రహణాభిలాషి. కెమెరా పట్టడం, పలక కడగడం, ప్రతి తీయడం కొడుకుకు ఇంట్లోనే నేర్పాడు. 1902లో, ఎనిమిదేళ్ల వయసు నాటికి, బాలుడికి సొంత కెమెరా సమకూరింది. ముక్కాలిపీట మీద నిలిపి వాడవలసిన పెద్ద కొయ్యకెమెరా అది. తరువాత చేతిలో ఇమిడే చిన్న కెమెరాలూ, ఒకే దృశ్యాన్ని రెండు కటకాలతో తీసి లోతును చూపే స్టీరియో కెమెరా కూడా వచ్చాయి.

ఈ వివరాలు కేవలం జీవితచరిత్ర విశేషాలు కావు. బాలుడి చూపు ఎంత స్వతంత్రమైనదైనా, ఆ చూపు వెనుక తండ్రి డబ్బు, శిక్షణ, తీరిక ఉన్నాయి. అభిరుచి అనేది మనసుకు సంబంధించిన మాటగా కనిపిస్తుంది గాని, దానికి ఒక ఆర్థికపునాది కూడా ఉంటుంది. తోటి బాలలు కర్మాగారాల్లో, పొలాల్లో పనిచేస్తున్న దేశంలో ఒక బాలుడు గాజుపలకలు ఖర్చుచేస్తూ ఆడుకోగలగడం వర్గానికి సంబంధించిన విషయం. ఆ సంగతి మరచి ఆ చిత్రాలను చదివితే సగమే చదివినట్లు.

లార్తిగ్‌కు మరో అలవాటు కూడా ఉంది. తీసిన చిత్రాలను ఆల్బమ్‌లలో అంటించి, కింద పేర్లు, తేదీలు రాసుకునేవాడు. రోజువారీ పుస్తకాల్లో ఆనాటి వాతావరణాన్ని, తీసిన చిత్రాల చిన్న గీతబొమ్మలను నమోదు చేసేవాడు. జీవితాంతం కొనసాగిన ఈ అలవాటు వల్ల నూటికి పైగా ఆల్బమ్‌లు పోగయ్యాయి. వృత్తిరీత్యా తనను చిత్రలేఖకుడిగానే చెప్పుకొన్న వ్యక్తికి ఛాయాచిత్రం జ్ఞాపకాన్ని నిలుపుకొనే సాధనం.

3. గదిలోని వస్తువులు:

1905లో, పదకొండేళ్ల వయసున, లార్తిగ్ తన గదిలోని బొమ్మకార్లను వరుసగా నేలమీద పెట్టి చిత్రం తీశాడు. పెద్దవాళ్లు బొమ్మలను పైనుంచి చూస్తారు. ఈ చిత్రం మాత్రం నేలమట్టం నుంచి చూసినట్టుంటుంది. అందువల్ల బొమ్మలు పెద్దవై, వాటి వెనుక సామాను భవనాల్లా నిలిచి కనిపిస్తాయి. ఆటలో మునిగిన పిల్లవాడు నేలకు చెంప ఆనించి కారును చూసే చూపు అది.

ఈ చిత్రానికి చారిత్రకంగా రెండు ప్రయోజనాలున్నాయి. మొదటిది, 1905 నాటికి పందెపుకారు ఎంత తొందరగా బొమ్మగా మారి ధనికుల ఇళ్లలోకి వచ్చిందో ఇది చూపుతుంది. అదే సంవత్సరం జూలైలో ఓవెర్న్ ప్రాంతపు కొండదారుల్లో గోర్డన్ బెన్నెట్ కప్పు పందెం జరిగింది. లెయోన్ తేరీ గెలిచాడు. లార్తిగ్ కుటుంబపు విడిది అయిన రుజా భవనం ఆ ప్రాంతంలోనిదే. రోడ్డుమీద చూసిన వేగం, గదిలో కూడబెట్టిన బొమ్మ ఒకే ఆసక్తికి రెండు కొసలు. రెండవది, సొంత వస్తువును చిత్రించడంలో ఒక స్వామ్యభావం ఉంది. 'ఇవి నావి' అన్న మాట చిత్రం చెబుతుంది. వస్తువును కొనడం, అమర్చడం, చిత్రం తీయడం, ఆల్బమ్‌లో అంటించడం అనే నాలుగు చర్యల్లో ఆ భావం క్రమంగా స్థిరపడింది.

1904 నాటి మరో చిత్రంలో బాలుడు స్నానపు తొట్టిలో, నీటిమీద తేలే తన బొమ్మయంత్రం వెనుక కనిపిస్తాడు. చట్రంలో తానే ఉన్నాడు కనుక షట్టర్ నొక్కిన చేయి వేరొకరిదై ఉండాలి. ఇక్కడ చిత్రకర్త ఎవరు? ఏర్పాటు చేసినవాడా, నొక్కినవారా? కుటుంబ ఛాయాచిత్రాల్లో కర్తృత్వం చాలాసార్లు ఇలా ఉమ్మడిగా ఉంటుంది. దానిని ఒక్కరి ప్రతిభకు కట్టబెట్టడం తరువాతివారి పని.

4. నేల విడిచిన యంత్రాలు:

1904లో ఫ్రాన్స్ ఉత్తరతీరాన మెర్లిమోన్ ఇసుకదిబ్బల మీద గాబ్రియేల్ వాజాన్ ఒక గ్లైడర్‌ను ఎగరేశాడు. విమానయానానికి ధనసహాయం చేసిన ఎర్నెస్ట్ ఆర్చ్‌డీకన్ చేయించిన గ్లైడర్ అది. ఆ ప్రయోగాన్ని చిత్రించినవారిలో లార్తిగ్ ఉన్నాడు. అప్పటికి ఐరోపాలో ఇంజనుతో నడిచే విమానం ఇంకా ఎగరలేదు. 1906 నవంబరు 12న సాంతోస్ ద్యుమోన్ పారిస్‌లోని బగతెల్ మైదానంలో 220 మీటర్లు ఎగిరాడు. 1908 జనవరి 13న ఆన్రీ ఫార్మాన్ ఇస్సీ లె మూలినో మైదానంలో ఒక కిలోమీటరు చుట్టును పూర్తిచేసి 50,000 ఫ్రాంకుల బహుమతి పొందాడు. 1909 జూలై 25న లూయీ బ్లెరియో ఇంగ్లిషు ఛానెల్ దాటాడు. ఈ పరిణామక్రమం జరుగుతున్న చోట్లకే లార్తిగ్ కెమెరాతో వెళ్లేవాడు. ఇస్సీ మైదానం అతనికి రెండో ఆటస్థలమైంది.

అయితే విమానయాన చరిత్రకు అంతకన్న విలువైన చిత్రాలు ఇంటివద్ద తీసినవి. అన్న మోరీస్‌ను ఇంట్లో 'జిస్సూ' అని పిలిచేవారు. అతడు రుజాలో సొంతంగా గ్లైడర్లు, చక్రాల బండ్లు, తేలే యంత్రాలు తయారుచేసేవాడు. 1910లో 'జడ్ వై ఎక్స్ 24' అనే గ్లైడర్ నేలవిడిచిన క్షణాన్ని తమ్ముడు చిత్రించాడు. 1911లో సూటు, టోపీ ధరించి టైరు పడవలో నీటిమీద కూర్చున్న జిస్సూ చిత్రం కూడా ఈ కోవలోనిదే. పత్రికలు విజేతలను చిత్రించాయి. పరీక్షలు, పగిలిన చెక్కలు, తాళ్లు పట్టి పరుగెత్తిన స్నేహితులు, ఎగరకుండానే కూలిన ప్రయత్నాలు పత్రికల దృష్టికి రావు. విమానయానం కొద్దిమంది వీరుల కథగా గాక, వేలమంది ఔత్సాహికుల తపనగా ఎలా ఉండేదో ఇలాంటి ఇంటిచిత్రాలే చెబుతాయి.

సాంకేతికత చిత్రవస్తువును నిర్ణయించిన తీరు కూడా ఇక్కడ గమనార్హం. ల్యూమియేర్ సోదరుల ఆటోక్రోమ్ రంగుపలకలు 1907లో బజారులోకి వచ్చాయి. 1910ల తొలినాళ్ల నుంచి లార్తిగ్ వాటినీ వాడాడు. అయితే వాటికి ఎక్కువసేపు వెలుగు పట్టాలి. కదిలే వస్తువు వాటిలో చెదిరిపోతుంది. అందువల్ల అతని రంగుచిత్రాల్లో నిలుచున్నవారు, కూర్చున్నవారు, తోటలు ఉన్నాయి. దూకేవారు, ఎగిరేవారు, పరుగెత్తే కార్లు నలుపు తెలుపుల్లోనే ఉన్నాయి. ఆ కాలం స్మృతిలో వేగానికి రంగు లేకపోవడానికి కారణం అభిరుచి కాదు, రసాయనం.

5. ఒక పందెపుకారు, రెండు తేదీలు:

లార్తిగ్ చిత్రాల్లో మిక్కిలి ప్రసిద్ధమైనది ఒక పందెపుకారు చిత్రం. కారు కుడివైపు దూసుకుపోతోంది. దాని ముందుభాగం చట్రం దాటిపోయింది. వెనుక చక్రం ముందుకు వాలిన అండంలా ఉంది. దారిపక్కన నిలుచున్న ప్రేక్షకులూ స్తంభాలూ వెనక్కు వాలి ఉన్నారు. వేగానికి ప్రతీకగా ఎన్నో పుస్తకాల్లో ఈ చిత్రం అచ్చయింది.

ఈ వంపు చిత్రకారుడు తలపెట్టినది కాదు. ఓటోమార్ ఆన్‌షుట్స్ 1880లలో రూపొందించిన తరహా తెర-షట్టర్‌లో ఒక సన్నని చీలిక పలక మీదుగా జారుతుంది. పలక అంతటా ఒకేసారి వెలుగు పడదు. కటకం బింబాన్ని తలకిందులుగా వేస్తుంది. అందువల్ల చీలిక పైనుంచి కిందికి జారితే, దృశ్యంలో నేలకు దగ్గరున్న భాగం ముందుగా, పైభాగం తరువాత నమోదవుతాయి. లార్తిగ్ కెమెరాను కారు పోయే దిశలోనే తిప్పాడు గాని దాని వేగాన్ని పూర్తిగా అందుకోలేకపోయాడు. ఆ లోపల కారు చట్రంలో ముందుకు జరిగింది. కదలని ప్రేక్షకులు కెమెరా తిరగడం వల్ల చట్రంలో వెనక్కు జరిగారు. అందుకే చక్రం ఒకవైపు, మనుషులు మరోవైపు వాలారు. ఆ రోజుల్లో దీనిని చెడిపోయిన చిత్రంగా భావించి లార్తిగ్ పక్కన పెట్టాడు. దశాబ్దాల తరువాత గాని అది వెలుగులోకి రాలేదు.

వెలుగులోకి వచ్చినప్పుడు దానికి '1912 గ్రాండ్ ప్రీ, దెలాజ్ కారు' అన్న శీర్షిక తోడైంది. చాలాకాలం అందరూ దానినే ఉటంకించారు. తరువాతి పరిశోధనలో కారుమీద కనబడే 6 అన్న అంకె ఆధారంగా అది దెలాజ్ కాదనీ, రెనే క్రోకే నడిపిన తెయొడోర్ ష్నైడర్ కారనీ, పందెం 1913 జూలై 12న అమియాన్ వద్ద జరిగినదనీ గుర్తించారు. 1912 పందెం జరిగింది జూన్ 25, 26 తేదీల్లో, దియెప్ వద్ద.

ఒక్క ఏడాది తేడాకు ఇంత చర్చ అవసరమా అనిపించవచ్చు. అవసరమే. మొదటిది, తేదీలు రాసిపెట్టుకునే అలవాటున్న మనిషి చిత్రానికి కూడా శీర్షిక తప్పింది. కాబట్టి చిత్రకర్త మాట సాక్ష్యమే గాని తీర్పు కాదు. రెండవది, ఆ తప్పును సరిదిద్దింది చిత్రంలోని వస్తువే. తీసినవాడు పట్టించుకోని ఒక అంకెను పలక పట్టించుకుంది. సాహిత్యపరిశోధనలో ప్రక్షిప్తాలను నిర్ణయించేటప్పుడు బాహ్యసాక్ష్యంతో పాటు అంతర్గతసాక్ష్యాన్ని పరిశీలిస్తాం. ఛాయాచిత్రానికీ అదే పద్ధతి వర్తిస్తుంది. శీర్షిక బాహ్యసాక్ష్యం, చక్రం, అంకె, దారి, దుస్తులు అంతర్గతసాక్ష్యాలు. మూడవది, ఈ చిత్రం తీసేనాటికి లార్తిగ్ వయసు పందొమ్మిదేళ్లు. బాలుడు కాదు. ఈ సంగతి తరువాతి అంశానికి దారితీస్తుంది.

6. 'అమాయక బాలుడు' అన్న ముద్ర:

1962లో లార్తిగ్ అమెరికా వెళ్లాడు. అప్పుడే న్యూయార్కులోని ఆధునిక కళాసంగ్రహాలయంలో ఛాయాచిత్ర విభాగపు బాధ్యతలు చేపట్టిన జాన్ షార్కౌస్కీ దృష్టికి ఆ చిత్రాలు వచ్చాయి. 1963లో అక్కడ ప్రదర్శన జరిగింది. అదే ఏడాది నవంబరు 29 నాటి లైఫ్ పత్రికలో ఆయన చిత్రాలు అచ్చయ్యాయి. అధ్యక్షుడు కెన్నెడీ హత్యావార్తను మోసుకొచ్చిన సంచిక కావడంతో అది అసంఖ్యాక పాఠకులకు చేరింది. అరవైతొమ్మిదేళ్ల వయసులో ఒక అభిరుచిపరుడు ప్రపంచప్రసిద్ధుడయ్యాడు. 1970లో రిచర్డ్ ఆవెడన్ కూర్పుగా 'డైరీ ఆఫ్ ఎ సెంచరీ' వెలువడింది. 1974లో ఫ్రెంచి అధ్యక్షుడు జిస్కార్ దెస్తాన్ అధికారిక చిత్రాన్ని తీసే బాధ్యత కూడా లార్తిగ్‌కే దక్కింది.

ఈ కీర్తి ఒక ప్రత్యేకమైన కథనంతో వచ్చింది. శిక్షణ, సంప్రదాయం ఎరుగని బాలుడు తన స్వచ్ఛమైన చూపుతో భావికాలపు ఛాయాగ్రహణాన్ని ముందే కనుగొన్నాడన్నది ఆ కథనసారం. 2004లో వెలువడిన గ్రంథంలో కెవిన్ మూర్ ఈ కథనాన్ని ప్రశ్నించాడు. లార్తిగ్ తండ్రి శిక్షణలో పెరిగాడు. క్రీడలు, విమానాలు, కార్లను చిత్రాలతో ప్రచురించే 'లా వీ ఓ గ్రాన్ ఎయిర్' వంటి పత్రికల వాతావరణంలో ఎదిగాడు. కొన్ని చిత్రాలను క్రీడాపత్రికలకు అమ్మాడు కూడా. గెంతే మనిషినీ దూసుకుపోయే కారునూ చిత్రించడం ఆనాటి ఔత్సాహికుల ఉమ్మడి అభిరుచి. అతడు సంప్రదాయానికి బయటివాడు కాదు, ఒక ఔత్సాహిక సంప్రదాయంలో ఆరితేరినవాడు.

ఈ సవరణ వల్ల లార్తిగ్ విలువ తగ్గుతుందా? తగ్గదనే ఈ వ్యాసకర్త అభిప్రాయం. జానపదగేయాన్ని 'చదువురాని పల్లీయుడి సహజోద్గారం'గా మాత్రమే చూసినంతకాలం అందులోని అభ్యాసం, పరంపర, నైపుణ్యం మన కంటపడలేదు. అమాయకత్వాన్ని ఆపాదించడం మెచ్చుకోలులా కనిపించినా, అది ఒక విధంగా శ్రమను కాదనడమే. బాలమేధావి కథను పక్కనపెడితే, పలకలు పాడుచేసుకుంటూ, మళ్లీ ప్రయత్నిస్తూ, పత్రికలు చూసి నేర్చుకుంటూ ఎదిగిన ఒక యువకుడు కనిపిస్తాడు. చరిత్రకు పనికివచ్చేది ఆ యువకుడే.

7. ఆల్బమ్‌లో లేనివి:

ఆల్బమ్‌ను ఆధారంగా తీసుకున్నప్పుడు అందులో ఉన్నదానితో పాటు లేనిదాన్నీ లెక్కించాలి. లార్తిగ్ ఆల్బమ్‌లు సంతోషపు లెక్కలు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో లక్షలాది ఫ్రెంచి యువకులు మరణించారు. ఆ ఆల్బమ్‌లలో యుద్ధఛాయ చాలా తక్కువ. ఇంటి పనివారు కనిపించినా, వారి వైపునుంచి చూసిన చిత్రం ఉండదు. పైగా లార్తిగ్ వృద్ధాప్యంలో తన ఆల్బమ్‌లను తిరిగి అమర్చాడు. మనం చూస్తున్న క్రమం బాలుడిది మాత్రమే కాదు, బాల్యాన్ని తలచుకుంటున్న వృద్ధుడిది కూడా. 1979లో ఆయన తన చిత్రసంపదను ఫ్రెంచి ప్రభుత్వానికి అప్పగించాడు. 1986 సెప్టెంబరు 12న నీస్ నగరంలో మరణించాడు. ఒక ఇంటి ఆల్బమ్ జాతీయసంపదగా మారడం వెనుక ప్రతిభతో పాటు భద్రపరచగలిగిన ఇల్లు, ఆదరించిన సంస్థలు ఉన్నాయి.

8. మన ఆల్బమ్‌లకు వర్తింపు:

లార్తిగ్ కెమెరా పట్టిననాటికి తెలుగునేల మీద ఛాయాగ్రహణం కొత్తది కాదు. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ రాజభవనాలను, వేటలను, విందులను చిత్రించి 1905లో కన్నుమూశాడు. సంస్థానపు వైభవాన్ని నమోదుచేసిన ఆ చిత్రాలు భద్రంగా నిలిచాయి. సామాన్యుల చిత్రాలకు ఆ అదృష్టం పట్టలేదు.

మన తిరునాళ్లలో, జాతరల్లో తాత్కాలిక స్టూడియోలు వెలిసేవి. రంగులు వేసిన అట్టవిమానం, కిటికీలోంచి తల బయటపెట్టడానికి వీలైన అట్టకారు, చందమామ తెర వాటి సామగ్రి. జీవితంలో విమానం ఎక్కని మనిషి అందులో కూర్చుని చిత్రం తీయించుకొనేవాడు. పెళ్లిలో వచ్చిన సైకిలు, చేతిగడియారం, ట్రాన్సిస్టరు కూడా చిత్రంలోకి వచ్చేవి. గడియారం కనబడేలా చేయి మడిచి కూర్చునే భంగిమ మన పాత చిత్రాల్లో సుపరిచితం. లార్తిగ్ తనకున్న కారును చిత్రించాడు. మనవారు తమకు లేని విమానాన్ని చిత్రంలోకి తెచ్చుకొన్నారు. మొదటిది స్వామ్యానికి ఆధారమైతే, రెండవది ఆకాంక్షకు ఆధారం. చరిత్రకు రెండూ సమానంగా అవసరమే.

ఈ వ్యాసకర్త ఇంట తాతగారు అట్టవిమానంలో కూర్చున్న చిత్రం ఒకటుంది. వెనుక పేరు లేదు, ఊరు లేదు, తేదీ లేదు. పక్కన కూర్చున్న వ్యక్తి ఎవరో చెప్పగలిగినవారు ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. అట్టమీద రంగుల తీరు, చొక్కా కాలరు, అంచుల కత్తిరింపు మాత్రమే మిగిలిన సాక్ష్యాలు. కారుమీది అంకె లార్తిగ్ చిత్రానికి చేసిన మేలు చేయడానికి ఇందులో అంకె కూడా లేదు.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. సరదాకోసం తీసిన ఛాయాచిత్రం, పత్రికలూ ప్రభుత్వాలూ వదిలేసిన విఫలయత్నాలను, ఇంటి వస్తువులను, ఆకాంక్షలను భద్రపరుస్తుంది. అయితే శీర్షికను యథాతథంగా నమ్మరాదు. చిత్రంలోని వస్తుసాక్ష్యంతో సరిచూడాలి. అభిరుచి వెనుక ఉన్న ఆర్థికస్థితిని, శిక్షణను, తరువాతి అమరికను కూడా చిత్రంలో భాగంగా చదవాలి. ఆల్బమ్‌లో లేనివారిని గుర్తించడం పరిశోధకుడి బాధ్యత.

తెలుగు విభాగాలు తాళపత్రాలను, జానపదగేయాలను సేకరించిన పద్ధతిలోనే కుటుంబ ఛాయాచిత్రాలను కూడా, వాటి కథలు తెలిసిన పెద్దలు ఉండగానే, సేకరించవలసి ఉంది. అందుకు పెద్ద నిధులు అక్కరలేదు. చిత్రం చూపి 'ఇందులో ఉన్నది ఎవరు, ఎక్కడ, ఎప్పుడు' అని అడిగి, చెప్పినది చెప్పినట్టు రాసిపెట్టడమే మొదటి పని. చెప్పేవారు దాటిపోయాక ఆ పని ఎవరివల్లా కాదు.